‘అది సైన్సు కాదు అమ్మమ్మా!’

పోయిన సంక్రాంతికి బెజవాడ ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీది పాత సామాను దించుతుంటే నా డిగ్రీ రెండో సంవత్సరం నోట్సు ఒకటి బయటపడింది. అట్ట మీద ‘సైన్స్ అండ్ సివిలైజేషన్’ అని వంకరటింకర అక్షరాలు. 2008 నాటిది. ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివినవాళ్లకి ఈ పేపరు గుర్తుండే ఉంటుంది. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. అన్న తేడా లేకుండా ‘ఇండియన్ హెరిటేజ్ అండ్ కల్చర్’, ఆ తర్వాత ‘సైన్స్ అండ్ సివిలైజేషన్’ చదవాల్సిందే. ఫౌండేషన్ కోర్సులు అనేవారు వీటిని. ఇప్పుడా పేపరు ఆ రూపంలో లేదు. మా క్లాసులో దాన్ని పట్టించుకున్నవాళ్లూ తక్కువే. కానీ వెనక్కి తిరిగి చూస్తే, నాలాంటి ఆర్ట్స్ విద్యార్థిని విశ్వవిద్యాలయ చదువులో విజ్ఞానశాస్త్ర చరిత్రను కలుసుకున్న ఏకైక చోటు అదే.

నోట్సు అక్కడే కూర్చుని చదివాను. నిప్పు, చక్రం, సింధు నాగరికత. చరకుడు, సుశ్రుతుడు, ఆర్యభటుడు. కోపర్నికస్, గెలీలియో, న్యూటన్, డార్విన్. చివర్న సి.వి. రామన్. అన్ని పేజీల్లో ఒకే ఒక్క ఆడమనిషి మేడమ్ క్యూరీ. ఆమె పేరు కింద ‘భర్తతో కలిసి’ అని రాసుకున్నాను. ఆ భర్త పేరు కింద ‘భార్యతో కలిసి’ అని రాసుకోలేదు.

ఆ నోట్సు చూడగానే నాకు గుర్తొచ్చింది పరీక్ష కాదు, మా అమ్మమ్మ. ఉయ్యూరుకి నాలుగు మైళ్ల దూరంలో కాలువగట్టున ఆమె ఊరు. పరీక్షల ముందు సెలవులకి అక్కడికి వెళ్లి, వరండాలో తిరుగుతూ పైకి చదువుతున్నాను. అమ్మమ్మ బియ్యంలో రాళ్లేరుతూ చాలాసేపు విని అడిగింది.

“ఏంటే అమ్మాయ్ అది?”

“సైన్సు ఎట్లా పుట్టిందో, ఎవరెవరు కనిపెట్టారో అమ్మమ్మా.”

“పురుడు పోసే సంగతేమన్నా రాశారా అందులో?”

నేను నవ్వాను. “అది సైన్సు కాదు అమ్మమ్మా!” అన్నాను.

ఆమె మంత్రసాని. మా ఊళ్లో మంగలి ఇళ్ల ఆడవాళ్లే తరతరాలుగా ఆ పని చేసేవాళ్లు. నా మాటకి ఆమె బాధపడలేదు, మళ్లీ బియ్యంలోకి తలవంచింది. బాధపడి ఉంటే నేను ఇంత కాలం ఆ మాటని మోసుకు తిరగాల్సి వచ్చేది కాదేమో.

*

తర్వాత నేను తెలుగు సాహిత్యంలో ఎం.ఏ., పిహెచ్.డి. చేశాను. తొలినాళ్ల స్త్రీల వచన రచన మీద పరిశోధన. అందులో భాగంగా ఒక గ్రంథాలయంలో నెలల తరబడి కూర్చున్నాను. అక్కడ నాకు ఒక చిత్రమైన సంగతి కనిపించింది. ఒకే ఇంట్లోని ముగ్గురు మనుషుల పుస్తకాలు మూడు వేరు వేరు బీరువాల్లో ఉన్నాయి.

ఆ ఇల్లు మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలుది. అక్క భండారు అచ్చమాంబ, 1874లో పుట్టింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. మూడో మనిషి లక్ష్మణరావు కూతురు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. మేనత్త 1905లో చనిపోతే, ఆ మరుసటి ఏడాది పుట్టిన పిల్లకి ఆ పేరే పెట్టుకున్నారు.

డ్యూయీ పద్ధతిలో పుస్తకాలు సర్దే చోట మేనత్త రాసిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ జీవిత చరిత్రల కింద 920లోకి వెళుతుంది. ఆమె కథలు తెలుగు సాహిత్యం దగ్గరికి పోతాయి. తమ్ముడి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ 030లో, విజ్ఞాన సర్వస్వాల మధ్య ఉంటుంది. మేనకోడలు రాసిన ‘ప్రసూతి - శిశుపోషణ’ 618లో, ప్రసూతి వైద్యం దగ్గర ఉంటుంది. గ్రంథాలయం వాళ్లని తప్పుపట్టలేం. పుస్తకాలు ఏదో ఒక చోట పెట్టాలి కదా. కానీ మన విశ్వవిద్యాలయాల్లో శాఖలు కూడా అలాగే విడిపోయాయి. మేనత్తని మేం, అంటే తెలుగు శాఖలవాళ్లం, స్త్రీ అధ్యయనాలవాళ్లతో కలిసి పంచుకున్నాం. తమ్ముడిని చరిత్ర శాఖలూ భాషోద్యమ చరిత్రకారులూ తీసుకున్నారు. మేనకోడలు రాజకీయ చరిత్రలో ఒక పేరుగా మిగిలింది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన మహిళగా. ఆమె పుస్తకాన్ని మాత్రం ఎవరూ తీసుకోలేదు. సాహిత్యం వాళ్లకి అది వైద్యం. వైద్యం వాళ్లకి పాతబడిన పుస్తకం. విజ్ఞానశాస్త్ర చరిత్ర చదివేవాళ్లకి అందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఈ మూడు పుస్తకాలనీ ఒకే బల్ల మీద పెట్టి చదివితే ఏమవుతుంది? ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్న పని అదే.

*

‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం 1901లో వచ్చింది. చిన్ననాడే పెళ్లయి, బడికి వెళ్లకుండా, తన దగ్గర ఉండి చదువుకునే తమ్ముడి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్న మనిషి రాసిన పుస్తకం అది. బిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలోంచి రాసింది. దేశం తిరిగి, ఆకరాలు వెతికి, చరిత్రలోని స్త్రీల జీవితాలను పోగుచేసింది. మొదటి భాగంలో దేశ చరిత్రకెక్కిన స్త్రీలు, రెండో దాంట్లో వేదపురాణ కాలాలవాళ్లు, మూడో దాంట్లో విదేశీ స్త్రీలు అని ప్రణాళిక వేసుకుంది. అది పూర్తికాకుండానే ముప్పై ఏళ్ల వయసులో చనిపోయింది.

స్త్రీవాద విమర్శకులం ఈ పుస్తకాన్ని ‘స్త్రీల చరిత్ర రచనకు ఆరంభం’ అని గౌరవించాం. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ ఆమె ఈ పుస్తకం ఎందుకు రాసిందో ముందుమాటలో చెప్పిన కారణాన్ని మరొక్కసారి చూడండి. స్త్రీలు సహజంగానే బలహీనులు, బుద్ధిలేనివారు, వివేకం లేనివారు అనే మాటను కాదనడానికి రాశానంది. చదువుకుంటే స్త్రీలు చెడిపోతారన్న మాట అబద్ధమని చూపించడానికి రాశానంది.

‘సహజంగానే’ అన్న మాట దగ్గర ఆగాలి. అది ఆ రోజుల్లో కేవలం పండితుల మాటో, అత్తగార్ల మాటో కాదు. యూరప్‌లో, అమెరికాలో సైన్సు పేరుతో చెలామణి అయిన మాట. 1871లో డార్విన్ ‘డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో పురుషుడి మేధాశక్తి స్త్రీ కంటే ఎక్కువని రాశాడు. 1873లో బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్, ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే వాళ్ల గర్భాశయాలు దెబ్బతింటాయని ఒక పుస్తకమే రాశాడు. 1887లో జార్జి రోమేన్స్ అనే శాస్త్రవేత్త స్త్రీల మెదడు బరువు తక్కువ కాబట్టి తెలివీ తక్కువని వాదించాడు. వీళ్లకి ఎదురు మాట్లాడినవాళ్లూ ఉన్నారు. కరోలిన్ కెనార్డ్ అనే అమెరికన్ మహిళ నేరుగా డార్విన్‌కే ఉత్తరం రాసింది. 1882 జనవరిలో ఆయన, స్త్రీలు నీతిలో మిన్నే గానీ బుద్ధిలో తక్కువేనని జవాబిచ్చాడు. మగవాడికున్న పరిస్థితులూ అవకాశాలూ స్త్రీకి కూడా ఇచ్చి చూసి అప్పుడు తీర్పు చెప్పండని ఆమె తిరిగి రాసింది.

అచ్చమాంబ ఈ వాదాలన్నీ చదివిందని నేననడం లేదు. అలా నిరూపించాలనే తాపత్రయం కూడా నాకు లేదు. ఆమె వాదించే పద్ధతి చూడమంటున్నాను. ‘స్త్రీలందరూ స్వభావం చేతనే అశక్తులు’ అన్నది ఒక సార్వత్రిక సూత్రం. దాన్ని పడగొట్టడానికి ఆమె శాపనార్థాలు పెట్టలేదు, దేవుడి మీద ఆన పెట్టలేదు. సాక్ష్యాలు పోగుచేసింది. ఒక మనిషి, ఇంకో మనిషి, మరో మనిషి అంటూ వరసగా నిలబెట్టింది. సూత్రానికి లొంగని ఉదాహరణలు ఇన్ని ఉన్నప్పుడు ఆ సూత్రాన్ని ఎలా నమ్ముతారు అన్నది ఆమె ప్రశ్న. ఇది విజ్ఞానశాస్త్ర పద్ధతి కాకపోతే మరేమిటి? ఒకవైపు మెదళ్లు తూచే త్రాసు, మరోవైపు ఈ పుస్తకం. రెండూ ఒకే చర్చలో ఉన్నాయి. నా డిగ్రీ నోట్సులో డార్విన్ ఉన్నాడు. డార్విన్ పేరుతో సాగిన ఈ చర్చ లేదు. అచ్చమాంబ అసలే లేదు.

అలాగని ఈ పుస్తకానికి హద్దులు లేవని కాదు. ‘సచ్చరిత్ర’ అన్న మాటలోనే ఒక ప్రవేశ రుసుము ఉంది. రాణులు, విదుషీమణులు, వీరనారులు, పతివ్రతలు. బలహీనురాలు కాదని నిరూపించుకోవడానికి స్త్రీ ముందు సచ్చరిత్ర అయి ఉండాలి. పొలంలో నాట్లు వేసే ఆడదాని బలం, ఊరికి పురుడు పోసే ఆడదాని తెలివి సాక్ష్యంగా పనికిరాలేదు. ఆమె ఎత్తుకున్న ప్రశ్నకి బలమైన జవాబు ఆమె పెరటి గుమ్మం దగ్గరే ఉంది. అక్కడిదాకా చూపు వెళ్లలేదు. ఆమె కులానికీ కాలానికీ ఉన్న హద్దు అది. దాన్ని చెప్పకుండా ఆమెని పొగడటం ఆమెకే అన్యాయం.

*

తమ్ముడి సంగతి. లక్ష్మణరావు 1906లో మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టాడు. తర్వాత అది మద్రాసుకి మారింది. చరిత్ర, జీవిత చరిత్రలతో పాటు జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, రసాయనశాస్త్రం వంటివాటి మీద తెలుగులో పుస్తకాలు వేయించింది. కొత్త విషయానికి తెలుగు మాట వెతకడం, లేకపోతే కల్పించడం అప్పుడు చిన్న పని కాదు. విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడి, ‘అ’ అక్షరం దాటకముందే ఆగిపోయింది. 1923లో ఆయన చనిపోయాడు.

ఈ అక్కాతమ్ముళ్ల కథని మనం ఎప్పుడూ ‘తమ్ముడు అక్కకి చదువు నేర్పాడు’ అనే చెప్పుకుంటాం. అది నిజం. కానీ తమ్ముడు చదువుకున్నది అక్క ఇంట్లో, అక్క పెట్టిన అన్నం తిని. అది కూడా అంతే నిజం. మొదటిదాన్ని ఔదార్యం అంటాం, రెండోదాన్ని లెక్కలోకే తీసుకోం. ఆడవాళ్ల ఇంటి శ్రమ మీద నిలబడని విజ్ఞాన సంస్థ ఏదైనా ఉందా అని స్త్రీవాద విజ్ఞానశాస్త్ర చరిత్రకారులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆ ప్రశ్న తెలుగులో అడగడానికి లండనో పారిసో వెళ్లక్కర్లేదు, పెనుగంచిప్రోలు చాలు.

*

మేనకోడలు డాక్టర్ అచ్చమాంబ బెజవాడలో వైద్యం చేసింది. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసి, తర్వాత కాంగ్రెసు తరఫున పార్లమెంటుకి వెళ్లింది. 1964లో చనిపోయింది. ఆమె పుస్తకం ‘ప్రసూతి - శిశుపోషణ’. ఆ పేరే చూడండి, ఎంత సూటిగా ఉందో. అలంకారం లేదు, మొహమాటం లేదు. ‘నెల తప్పింది’, ‘నీళ్లోసుకుంది’, ‘అయిదో నెల’ అని చాటుగా, గుసగుసగా మాట్లాడుకునే విషయాన్ని ఒక స్త్రీ, డాక్టరుగా, తెలుగు అచ్చులో అట్ట మీదికి తెచ్చింది. 1991లో హైదరాబాదులో ‘సవాలక్ష సందేహాలు’ వచ్చినప్పుడు మన శరీరం గురించి మనమే తెలుగులో మాట్లాడుకోవడం ఎంత పెద్ద విషయమో రాసుకున్నాం. దానికి దశాబ్దాల ముందే బెజవాడలో వేసిన ఈ అడుగును ఆ వరసలో పెట్టి చూడలేదు. ఉద్దేశాలు వేరే కావచ్చు. ఒకటి డాక్టరు తల్లులకి చెప్పిన పుస్తకం, రెండోది స్త్రీలు డాక్టర్లని కూడా ప్రశ్నిస్తూ రాసుకున్న పుస్తకం. ఆ తేడాని చర్చించాలన్నా ముందు రెండూ పక్కపక్కన ఉండాలి కదా.

మేనత్త పుస్తకంలో స్త్రీకి చరిత్ర ఉంది, శరీరం లేదు. మేనకోడలి పుస్తకంలో శరీరమే విషయం. మధ్యలో ఉన్నది ఒక మనిషి జీవితకాలమైనా కాదు. అందులో తెలుగు స్త్రీ ఎంత దూరం నడిచిందో ఈ రెండు పుస్తకాల పేర్లే చెబుతాయి. సాహిత్య చరిత్రలో రెండోదానికి చోటివ్వకపోతే ఈ దూరం మనకి కనిపించదు.

*

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం ‘తొలి తెలుగు కథ ఎవరిది’ అన్నదానికే ఖర్చుపెట్టాను. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది, భండారు అచ్చమాంబ కథలు 1902లోనే వచ్చాయి, కాబట్టి తొలి కథకురాలు ఆమే అని తేదీలతో సహా వాదించాను. ఆ వాదం అవసరమే. ఒక స్త్రీ పేరుని పక్కకి నెట్టేసినప్పుడు దాన్ని తిరిగి పెట్టడానికి తేదీలు కావాలి. కానీ ఆ వాదంలో గెలవడానికి నేను ఎవరి కొలబద్దని తీసుకున్నాను? ముందు ఎవరు? అసలు పుట్టించింది ఎవరు? నా డిగ్రీ నోట్సులో ఉన్న కొలబద్దా అదే. కనిపెట్టినవాడి పేరు, సంవత్సరం.

విజ్ఞానశాస్త్ర చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఎప్పుడో అనుమానించారు. 1962లో థామస్ కూన్ రాసిన పుస్తకంలో ఆక్సిజన్ ఉదాహరణ ఉంది. ఆక్సిజన్‌ని కనిపెట్టింది ప్రీస్ట్లీయా, షీలేనా, లవోయ్‌జియరా? ఏ రోజున కనిపెట్టారు? ఈ ప్రశ్నే సరైంది కాదంటాడాయన. కనిపెట్టడం ఒక క్షణంలో, ఒక మనిషి చేతిలో జరిగిపోయేది కాదు. ముందు ఏదో కంటపడుతుంది, అదేమిటో తెలియడానికి కాలం పడుతుంది, దానికి పేరు పెట్టడానికి మరికొంత పడుతుంది. దీనికి నేనొకటి కలపాలనుకుంటున్నాను. అది కావాల్సినవాళ్లకి చేరడానికి ఇంకెంత పడుతుంది? మన వంటి చోట విజ్ఞానశాస్త్ర చరిత్ర అంటే ముఖ్యంగా ఈ చేరడం చరిత్రే. ఆడవాళ్లు ఉన్నది అక్కడే. ‘తొలి’ అన్న వేటలో పడి అచ్చమాంబని ఒక సంవత్సరానికి కుదించినప్పుడు, ఆమె 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి పెట్టిన బృందావన స్త్రీ సమాజం నా గ్రంథంలో ఒక్క వాక్యమై పోయింది. ఇల్లు కదలని ఆడవాళ్లు వారానికోసారైనా ఒకచోట కూర్చుని చదువుకోవడమంటే జ్ఞానానికి దారి వేయడమే. నాకు అప్పుడది ‘నేపథ్యం’గా కనిపించింది.

*

మళ్లీ అమ్మమ్మ దగ్గరికి వస్తాను.

1966లో ఆమె రెండో కాన్పు. పురుడు పోసింది ఆమె తల్లే. ఆవిడా మంత్రసానే, ఊరంతా నమ్మిన చెయ్యి. ఇంట్లో ఉన్న కొడవలితో బొడ్డు కోసి, బూడిద అద్దింది. మగపిల్లాడు. వారం తిరక్కుండానే దవడలు బిగుసుకుపోయి, పాలు పట్టలేక, ఒళ్లు విల్లులా వంగి చనిపోయాడు. ‘గాలి సోకింది’ అన్నారు.

1979లో ప్రభుత్వం మంత్రసానులకి ఇచ్చే శిక్షణకి అమ్మమ్మని పిలిచారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెల రోజులు. అయిదు శుభ్రతలు నేర్పారు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ అద్దకుండా శుభ్రంగా వదిలేయడం. ఒక అల్యూమినియం పెట్టె ఇచ్చారు. ధనుర్వాతం అంటే ఏమిటో, అది ఎందులోంచి వస్తుందో ఆ రోజు చెప్పారు. ఇంటికొచ్చి ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదట. “ఈ ముక్క ముందే ఎవరన్నా చెప్పుంటే ఆ పిల్లాడు బతికుండేవాడే” అని మా అమ్మతో అన్నదట. ఈ సంగతి అమ్మ నాకు చెప్పింది 2012లో, అమ్మమ్మ పోయిన పదకొండో రోజున. ‘అది సైన్సు కాదు’ అని నేను నవ్విన నాలుగేళ్ల తర్వాత.

అప్పటినుంచి నా బుర్రలో ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. కిటసాటో అనే జపాన్ శాస్త్రవేత్త బెర్లిన్‌లో ధనుర్వాతం క్రిమిని విడిగా పెంచి చూపించింది 1889లో. ఆ కబురు ఉయ్యూరు దగ్గరి కాలువగట్టు మీదికి చేరింది 1979లో. తొంభై ఏళ్లు. నా నోట్సులో ఉన్నది మొదటి తేదీలాంటి తేదీలే. నేను చదవాల్సిన చరిత్ర ఆ రెండు తేదీల మధ్య ఉంది. లక్ష్మణరావు ఆ మధ్యలో ఉన్నాడు. ఆ విద్యని తెలుగు మాటల్లోకి తెచ్చాడు. మేనకోడలు ఆ మధ్యలో ఉంది. 1966 నాటికి ఆమె పుస్తకం అచ్చులో ఉంది, మా ఊరికి పాతిక మైళ్లు కూడా లేని బెజవాడలో. కానీ మా ముత్తవ్వకి అక్షరం రాదు. పురుడు ఎవరి చేతుల్లో జరుగుతుందో వాళ్లకి చదువు లేదు, చదువున్నవాళ్ల చేతుల్లో పురుడు జరగదు. పుస్తకం ఆ గోడ దగ్గర ఆగిపోయింది. ఆ గోడకి కులం అనే పేరూ ఉంది, ఆడదనం అనే పేరూ ఉంది. వ్యక్తులుగా ఎవరినీ నిందించడానికి ఈ మాట అనడం లేదు. డాక్టర్ అచ్చమాంబ చేయగలిగింది చేసింది. గోడ ఎక్కడుందో గుర్తించకపోతే మాత్రం అది చరిత్ర అవదు.

మంత్రసానుల జ్ఞానమంతా గొప్పదని, ఆసుపత్రులు వచ్చి దాన్ని మింగేశాయని కొందరు అంటారు. బొడ్డు మీది బూడిదని చూసినదాన్ని, నేనలా అనలేను. అలాగని వాళ్లది అజ్ఞానం, డాక్టర్లది జ్ఞానం అనే కథా నిజం కాదు. వియన్నా జనరల్ ఆసుపత్రి కథ గుర్తు చేసుకోండి. 1846లో అక్కడ వైద్య విద్యార్థులు పురుళ్లు పోసే వార్డులో నూటికి పదకొండు మందికి పైగా తల్లులు చనిపోయారు. మంత్రసానుల వార్డులో నూటికి ముగ్గురు కూడా కాదు. శవాలు కోసిన చేతులతోనే విద్యార్థులు పురుళ్ల దగ్గరికి వస్తున్నారని సెమ్మెల్‌వైస్ 1847లో గుర్తించి, క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఆయన పేరు చరిత్రలో ఉంది, ఉండాలి కూడా. కానీ ఆయనకి ఆ పోలిక దొరికింది రెండో వార్డు వల్ల. ఆ వార్డులో పనిచేసిన ఒక్క మంత్రసాని పేరూ మనం చదవం. ఏ వార్డులో చేరితే బతుకుతామో గర్భిణులకి ముందే తెలుసు. రెండో వార్డులోనే చేర్చుకోమని వాళ్లు ఏడ్చి బతిమాలేవాళ్లు. ఆ తెలియడాన్ని ఏమనాలి? నా నోట్సులో దానికి మాట లేదు.

*

వైద్యచరిత్రని ఒక చదువుగా మన దగ్గర గుర్తించి చాలా కాలమైంది. 1956లోనే హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాలలో దానికోసం ఒక విభాగం వచ్చింది. విజ్ఞానశాస్త్ర చరిత్రకి జాతీయ స్థాయిలో 1966 నుంచి ఒక పత్రిక ఉంది. కొత్తగా గుడి కట్టమని ఎవరినీ అడగడం లేదు. ఉన్నదాని తలుపులు ఎటు తెరుచుకోవాలో ఆలోచించమంటున్నాను. ఈ ప్రతిపాదనతో నేనొక విశ్వవిద్యాలయంలో పరిశోధన ప్రాజెక్టుకి దరఖాస్తు పెడితే, “మీది సాహిత్యం కదమ్మా, ఇది సైన్సువాళ్లు చూసుకుంటారు” అన్నారు. సైన్సువాళ్లు “ఇది చరిత్ర” అన్నారు. చరిత్రవాళ్లు “ఆకరాలేవీ?” అని అడిగారు.

ఆ చివరి ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న. ఆకరాలు అయిపోతున్నాయి. 2005లో 108 అంబులెన్సులు వచ్చాయి, కాన్పులు ఆసుపత్రులకి మారాయి. అది మంచిదే. కానీ కృష్ణా డెల్టాలో శిక్షణ పొందిన మంత్రసానులు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లిప్పుడు డెబ్బయి, ఎనభై ఏళ్లవాళ్లు. శిక్షణకి ముందు ఏం చేసేవారు, తర్వాత ఏం మానేశారు, దేన్ని ఎవరికీ చెప్పకుండా కొనసాగించారు, ఎందుకు? ఇవన్నీ వాళ్ల నోటి వెంట వినాల్సినవి. ‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం స్త్రీశక్తి సంఘటన వాళ్లు టేప్‌రికార్డర్లు పట్టుకుని తిరిగినట్టు ఇప్పుడు మళ్లీ ఎవరో ఒకరు తిరగాలి. ప్రాజెక్టు రాకపోయినా నేను ఉయ్యూరు, కంకిపాడు వైపు ఆదివారాలు తిరుగుతున్నాను. ఇప్పటికి నలుగురు దొరికారు. ఒకావిడకి వినపడదు. నా ప్రశ్నలు పలక మీద రాద్దామంటే చదవడం రాదు. ఆవిడ కోడలు చెవి దగ్గర అరిచి చెబుతుంది. మొదటి ఆదివారం నేనెందుకు వచ్చానో కోడలు అరిచి చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి మాట, “ఇదంతా రాసుకుని ఏం చేస్తుందంట?” అని.

సైన్సు చరిత్రలో పెడతానవ్వా అని చెప్పమన్నాను. కోడలు నా వైపు ఒక్క క్షణం చూసి, ఆ మాట అరిచి చెప్పింది.

అమ్మమ్మ అల్యూమినియం పెట్టె అమ్మ దగ్గరే ఉంది. అందులో గుండీలు, దారపుండలు పెట్టుకుంటుంది. ఆ నోట్సుని మాత్రం నేను పారేయలేదు. చివర పది పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆదివారాలు విన్నది అందులోనే రాస్తున్నాను.